గుర్తు లేని పింగాణీ బొమ్మకు వెల కట్టించిన రెండు చోట్లు: ఒక సమీక్ష

పోయిన అక్టోబరులో, మేముంటున్న పెన్సిల్వేనియా ఊళ్లో ఒక పాత ఇంటిని ఖాళీ చేస్తూ పెట్టిన ఎస్టేట్ సేల్‌లో, వంటింటి గిన్నెల పక్కన పడుకోబెట్టి ఉన్న ఒక పింగాణీ బొమ్మను 45 డాలర్లకు కొన్నాను. సంక్రాంతికి ఇంట్లో బొమ్మల కొలువు పెడతాం కనుక ప్రతి ఏడూ ఒక కొత్త బొమ్మను చేర్చడం మాకు అలవాటు, ఆ అలవాటు కొద్దీ తీసుకున్నదే తప్ప పాత బొమ్మల గురించి అప్పటికి నాకు ఏమీ తెలియదు. బొమ్మ ఎత్తు 19 అంగుళాలు. తల, మెడ, భుజాలు ఒకటే ముక్కగా పోసిన పింగాణీ, మెరుపు లేని లేత గులాబీ ఛాయ, కొంచెం తెరిచిన నోట్లో పైవరస నాలుగు పళ్లు, పడుకోబెడితే మూసుకునే నీలి గాజు కళ్లు. ఒళ్లంతా మేకపిల్ల తోలుతో కుట్టి లోపల రంపపు పొట్టు దట్టించారు, మోచేతుల కింది భాగం మాత్రం మళ్లీ పింగాణీ. తయారు చేసినవారి పేరు గానీ, దేశం పేరు గానీ, అంకె గానీ పైకి ఎక్కడా కనిపించలేదు.

ఇంటికి వచ్చిన స్నేహితులు చూసి ఇది వేల డాలర్లు చేస్తుందని ఒకరు, పదిహేను డాలర్ల సరుకని ఒకరు అన్నారు. కొలువు చూడడానికి వచ్చే పిల్లలు బొమ్మలను ముట్టుకోకుండా ఉండరు, ముట్టుకోవద్దని కసరడం నాకు ఇష్టం ఉండదు. అందుకని ఈ బొమ్మను మెట్ల మీద పెట్టవచ్చా, అద్దాల బీరువాలో ఉంచాలా అన్నది తేల్చుకోవడానికైనా దీని వయసు, వెల తెలుసుకోవలసి వచ్చింది. డబ్బు కట్టి రెండు చోట్ల చూపించాను. ఒకటి ఫోటోలు పంపితే వెల చెప్పే ఆన్‌లైన్ సేవ, రెండోది మాకు రెండు గంటల దూరంలో ఉన్న బొమ్మల మరమ్మతు దుకాణం, ఇక్కడి వాళ్ల మాటలో డాల్ హాస్పిటల్. ఇలాంటి బొమ్మ చేతికి వచ్చిన మరొకరికి పనికి వస్తుందని రెండింటి గురించీ వివరంగా రాస్తున్నాను.

ఆన్‌లైన్ సేవకు 35 డాలర్లు కట్టాను. ఆరు ఫోటోలు, ఎత్తు, పైకి కనిపించే దెబ్బలు, గుర్తులు ఉంటే వాటి వివరం అడిగారు. గుర్తులు ఏవీ కనిపించడం లేదని రాశాను. రెండు రోజుల్లో నివేదిక పంపుతామన్నారు, సరిగ్గా రెండు రోజుల్లోనే పంపారు. ఆ విషయంలో వారిని తప్పు పట్టను. నివేదిక చూడడానికి ముచ్చటగా, నా ఫోటోలతోనే అందంగా అచ్చు వేసినట్టు ఉంది. జర్మనీలో 1880, 1890 మధ్య తయారైన బొమ్మ అనీ, వెల 900 డాలర్లు అనీ తేల్చారు. కారణంగా చెప్పినది ఒక్కటే వాక్యం: బొమ్మ మీద దేశం పేరు లేదు కాబట్టి ఇది 1891కి ముందుది.

ఆ వాక్యం నన్ను మొదట చాలా సంతోషపెట్టింది. తర్వాత నెమ్మదిగా చదువుకుంటే అది ఎంత బలహీనమైన ఆధారమో అర్థమైంది. అమెరికాలో 1890లో వచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం ప్రకారం 1891 మార్చి 1 నుంచి విదేశాల నుంచి దిగుమతి అయ్యే సరుకు మీద అది తయారైన దేశం పేరు ఇంగ్లీషులో ఉండాలి. కనుక బొమ్మ మీద జర్మనీ అన్న పేరు చెక్కి ఉంటే అది ఇంచుమించు 1891 తర్వాతిది అని చెప్పుకోవచ్చు. పేరు లేకపోతే అంతకు ముందుదే అని తిప్పి చెప్పడానికి మాత్రం వీలు లేదు. ఎందుకంటే ఆ పేరు పెట్టె మీద ఉండి బొమ్మ మీద లేకపోవచ్చు, ఒంటికి అంటించిన కాగితం చీటీ మీద ఉండి ఎప్పుడో రాలిపోవచ్చు, లేదా ఆ బొమ్మ అమెరికా కోసం కాక వేరే దేశంలో అమ్మకానికి తయారై, తర్వాత ఎవరో కుటుంబంతో పాటు ఇక్కడికి వచ్చి ఉండవచ్చు. వెల కట్టడమే వృత్తిగా పెట్టుకున్నవారికి ఈ సంగతి తెలియదని అనుకోలేను.

రెండో లోపం ఇంకా పెద్దది. 900 డాలర్లు అన్నది ఏ రకం వెల అన్నది నివేదికలో లేదు. పాత వస్తువుకు ఒకటే వెల ఉండదు. పోయినా పగిలినా అలాంటిదే మరొకటి దుకాణంలో కొనడానికి అయ్యే మొత్తం బీమా కోసం కట్టే వెల, అది ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది. అవసరం లేకుండా అమ్మేవారు, తొందర లేకుండా కొనేవారు ఒప్పుకునే మొత్తం బజారు వెల, అది దానికన్నా తక్కువ. వస్తువును చేతిలో పట్టుకుని దుకాణదారు దగ్గరికి వెళితే ఆయన లాభం మినహాయించుకుని ఇచ్చేది అన్నింటికన్నా తక్కువ. ఈ మూడింటిలో దేనిని గురించి మాట్లాడుతున్నారో చెప్పకుండా ఒక అంకె ఇస్తే, ఆ అంకెతో ఎవరూ ఏ పనీ చేసుకోలేరు.

నేను మర్యాదగానే తిరిగి రాశాను: విగ్గు కింద చూడమని ఎందుకు అడగలేదు, తలలో పగులు ఉందో లేదో ఫోటోలో ఎలా తెలిసింది, 900 డాలర్లు ఏ అమ్మకాలను చూసి కట్టారు అని. అయిదు రోజులకు వచ్చిన జవాబులో మొదటి నివేదికలోని వాక్యాలే మళ్లీ ఉన్నాయి, వాటి కింద 75 డాలర్లు కడితే వివరమైన నివేదిక ఇస్తామన్న సమాచారం ఉంది. అంతటితో ఆ సేవను వదిలేశాను.

రెండో చోటు సంగతి వేరు. మరమ్మతు దుకాణం ఒక ఇంటి కింది భాగంలో, ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉన్న ఒకే గది. నడిపే ఆవిడకు డెబ్బై ఏళ్లు పైనే ఉంటాయి. అరగంటకు 40 డాలర్లు తీసుకుంటారు. తాను వెల కట్టిన బొమ్మను తాను కొననని గోడ మీద చేత్తో రాసి పెట్టారు, తక్కువ వెల చెప్పి కాజేస్తారేమోనన్న అనుమానానికి తావు లేకుండా ఉండడం కోసం అది ఎంతో అవసరమైన నియమం అని నా అభిప్రాయం. నన్ను బల్లకు అవతల కాకుండా తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. తాను చూస్తున్నది నాకూ కనిపించాలని ఆవిడ ఉద్దేశం, ఆ అరగంట అలాగే సాగింది.

మొదట బొమ్మను మెత్తటి తువ్వాలు మీద బోర్లా పడుకోబెట్టి, విగ్గు అంచును పలుచని చెక్క పుల్లతో తాకి చూశారు. ఒక పక్క అది ముందే ఊడి ఉంది. మేక బొచ్చుతో అల్లిన ఆ విగ్గు పాతదేననీ, కానీ ఎవరో ఈ మధ్య దాన్ని తెల్ల జిగురుతో మళ్లీ అంటించారనీ చెప్పారు. ఊడిన వైపు నుంచి మెల్లగా లేపితే దాని కింద, తల పైభాగంలో వదిలిన గుండ్రటి రంధ్రాన్ని మూస్తూ ప్లాస్టర్ మూత ఒకటి బయటపడింది, అది కూడా పట్టు వదిలి ఉండడంతో చేతిలోకి వచ్చేసింది. చాలా జర్మన్ బొమ్మలకు ఆ చోట అట్టముక్క ఉంటుందట, ప్లాస్టర్ మూత మాత్రం జర్మనీలో వాల్టర్స్‌హౌసెన్ ఊరిలోని కెస్ట్‌నర్ అనే పేరున్న కార్ఖానా వారి బొమ్మలలో తరచుగా కనిపిస్తుందట. ఆ మాట వినగానే నా ముఖం వెలిగి ఉంటుంది కాబోలు, ఇది సూచన మాత్రమే, సాక్ష్యం కాదు అని ఆవిడ వెంటనే అన్నారు.

తర్వాత కిటికీ తెర దించి, గదిలో దీపం ఆర్పి, వేలంత టార్చిని ఆ రంధ్రంలోంచి తల లోపలికి దించారు. పింగాణీ ముఖం మొత్తం లోపలి నుంచి వెలిగింది. బుగ్గలు, పెదవులు, చెవుల తమ్మెలు అన్నీ దీపపు చిమ్నీలా పసుపు, గులాబీ రంగులలో మెరిశాయి, పగటి వెలుతురులో చూసినప్పుడు లేని ప్రాణం ఏదో ఆ ముఖంలోకి వచ్చినట్టు అనిపించింది. ఆ వెలుగులోనే ఎడమ చెవి పైన, రంధ్రపు అంచు నుంచి కణత దాకా, వెంట్రుకంత సన్నని నల్ల గీత ఒకటి కనిపించింది. అది పగులు. మా అమ్మ సంతలో కుండ కొనే ముందు వేలి కణుపుతో కొట్టి, ఖంగుమంటేనే డబ్బులు తీసేది. పింగాణీ తలను అలా కొట్టి చూడడం ప్రమాదం కనుక ఇక్కడ వెలుతురుతో చూస్తారు, పరీక్ష వెనక ఉన్న జాగ్రత్త మాత్రం ఒకటే. నేను మూడు నెలలుగా రోజూ చూస్తున్న ముఖంలో ఆ గీత నా కంటికి ఒక్కసారి కూడా పడలేదు, ఆరు ఫోటోలలో ఎవరి కంటికీ పడదు.

తల లోపలి గోడను కూడా నాచేత తడిమి చూపించారు. అది లోపల గాజులా నున్నగా ఉంది. పాత పద్ధతిలో మట్టిని ముద్దగా అచ్చులోకి వేళ్లతో అదిమేవారు, అలా చేసిన తలకు లోపల ఎగుడుదిగుళ్లు, వేళ్ల ఒత్తిళ్లు ఉంటాయి. పలుచగా కలిపిన పింగాణీ మట్టిని అచ్చులో పోసి, గోడ కట్టాక మిగిలినది ఒంపేసే పద్ధతి వచ్చాక లోపలి వైపు కూడా నున్నగా ఉండసాగింది, జర్మన్ బొమ్మలలో ఈ పద్ధతి 1890ల నుంచి స్థిరపడింది. నోరు తెరిచి పళ్లు పెట్టడం కూడా ఆ కాలం నుంచే ఎక్కువ, అంతకు ముందు మూసిన నోళ్లే ఎక్కువ. తోలు ఒంటికి మోకాళ్ల దగ్గర, తుంటి దగ్గర ఉన్న చిన్న లోహపు రివెట్లను కూడా చూపించి, ఇవన్నీ కలిసి 1890ల మధ్య నుంచి 1910 దాకా ఉన్న కాలాన్నే సూచిస్తున్నాయని చెప్పారు. దేశం పేరు లేకపోవడం అన్న ఒక్క దానికి ఎదురుగా మూడు ఆధారాలు నిలిచాయి, మూడూ నా కళ్లెదుట ఉన్నవే.

ఎడమ బుగ్గ మీద ఆవగింజలో సగం కూడా లేని నల్ల చుక్క ఒకటి ఉంది. నేను అది మురికి అనుకుని రెండుసార్లు తడి గుడ్డతో తుడిచాను కూడా. ఆవంలో కాలేటప్పుడు దుమ్ము రేణువు పడితే అలా పింగాణీలోనే నిలిచిపోతుందట, పాత తలలలో అది మామూలే. ఎవరో దిష్టిచుక్క పెట్టి పంపినట్టు ఉన్న ఆ చుక్క వల్ల వెల పెద్దగా తగ్గదు. అతినీలలోహిత (యూవీ) దీపం కింద కూడా బొమ్మను చూశారు, కొత్తగా వేసిన రంగు, నింపిన పూత ఆ వెలుగులో పాత పింగాణీకి భిన్నంగా మెరుస్తాయి. ముఖం మీద కొత్త రంగు ఏదీ లేదు. కుడి చేతి చూపుడు వేలి కొస మాత్రం తెల్లగా మెరిసింది, విరిగిన వేలిని ఎవరో ఎప్పుడో నింపి రంగు వేశారు.

అసలు ఇది నకలు కాదని ఎలా తెలుసు అని అడిగాను. అమెరికాలో 1970ల నుంచి పాత బొమ్మల తలల మీద అచ్చులు తీసి, ఇంట్లోనే ఆవం పెట్టుకుని నకళ్లు పోసే సరదా బాగా వ్యాపించింది, చాలామంది తమ పేరు, ఏడు మెడ వెనక చెక్కారు గానీ అందరూ చెక్కలేదు. పింగాణీ మట్టి కాలినప్పుడు పదో వంతుకు పైగా కుంచించుకుపోతుంది కనుక, పాత తల మీద తీసిన అచ్చులో పోసిన నకలు అసలు కంటే ఎప్పుడూ చిన్నదిగా వస్తుంది. ఏ అచ్చులో పోశారో చెప్పే అంకె, అంటే అచ్చు సంఖ్య, తెలిసిన బొమ్మకైతే కొలతలు పోల్చి తేల్చేయవచ్చు, గుర్తు లేని దానికి ఆ దారి మూసుకుపోతుంది. అందువల్ల నా బొమ్మ విషయంలో తోలు ముడతలలో పేరుకున్న మట్టి, కుట్టు దారం, కంటి రెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటిగా కుంచెతో దిద్దిన తీరు, చేతికి తగిలే ఆ కొద్దిపాటి గరుకుదనం చూసి ఇది పాతదేనని చెప్పారు. మన కొండపల్లి బొమ్మ మీద కూడా చేసినవారి పేరు ఉండదు, అయినా తెల్ల పొణికి కర్ర తేలికను, చింతగింజల మక్కుతో అతికిన చేతులను ఎరిగినవారు పట్టుకోగానే చెప్పేస్తారు. ఆవిడ వేళ్లు బొమ్మ మీద కదులుతుంటే నాకు అదే గుర్తుకు వచ్చింది.

గుర్తు కోసం మెడ వెనక, విగ్గు కింద, భుజాల వెనక అంచున వెతికారు. భుజాల అంచు మీద తోలు అంటించి ఉంటుంది, చాలా గుర్తులు దాని కిందనే దాక్కుంటాయి. తోలు ఊడదీస్తే తెలుస్తుంది కదా అన్నాను. నూరేళ్ల నాటి అతుకును ఒక అంకె కోసం చింపడం తన చేత కాదని, ముందే అరంగుళం మేర విడిపోయి ఉన్న చోట పళ్ల డాక్టర్ల చిన్న అద్దం దూర్చి చూశారు. ఏమీ లేదు.

జర్మనీలోని తురింగియా ప్రాంతంలో సొన్నెబర్గ్, వాల్టర్స్‌హౌసెన్, ఓర్డ్‌రుఫ్ వంటి ఊళ్లు ఆ రోజుల్లో ప్రపంచానికంతటికీ బొమ్మలు పంపాయి. ఒక కార్ఖానా తలలు పోస్తే మరొకరు ఒళ్లు కుట్టేవారు, విగ్గులు, కళ్లు, చెప్పులు వేర్వేరు ఇళ్లలో తయారయ్యేవి, చివరికి టోకు వర్తకుడు కోరిన పేరుతో పెట్టెలోకి ఎక్కేవి. ఒకే బొమ్మలో ఇన్ని చేతులు ఉన్నప్పుడు కొన్ని తలలు ఏ గుర్తూ లేకుండా బయటికి రావడంలో వింత లేదు. సొన్నెబర్గ్‌లో 1901లో మొదలైన బొమ్మల మ్యూజియం ఇప్పటికీ ఉంది, ఎప్పటికైనా చూడాలని నాకు గట్టిగా ఉంది.

వెల దగ్గరికి వస్తే, ఆవిడ నాకు ఇచ్చినది చేత్తో రాసిన ఒక్క కాగితం. తురింగియా, ఇంచుమించు 1895 నుంచి 1910, తయారీదారు తెలియదు, కెస్ట్‌నర్ పోలికలు ఉన్నవి కానీ నిరూపణ లేదు అని రాశారు. తలలో పగులు, వేలి మరమ్మతు నమోదు చేశారు. బజారు వెల 125 నుంచి 175 డాలర్లు, పగులు లేకుంటే ఇంచుమించు రెట్టింపు అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టారు. ఈ అంకె ఎలా వచ్చిందో కూడా చూపించారు. ఆన్‌లైన్ వేలాలలో అమ్మేవారు అడుగుతున్న ధరలు కాకుండా అమ్ముడుపోయిన ధరలు మాత్రమే కనిపించేలా పెట్టి, ఇలాంటి తోలు ఒంటి బొమ్మలను పదింటిని వరసగా తెరిచారు. అడిగే ధర 600 ఉన్న చోట అమ్ముడైన ధర 150 ఉండడం నా కళ్లతో చూశాను.

పేరు తెలిసిన తలకూ తెలియని తలకూ తేడా ఎంతో తెలియాలంటే, 2014లో లండన్‌లో బోన్‌హామ్స్ వేలంలో కామర్ అండ్ రైన్‌హార్ట్ అనే జర్మన్ బొమ్మల కంపెనీ వారి 108 సంఖ్య అచ్చు బొమ్మ ఒకటి 2,42,500 పౌండ్లకు అమ్ముడైన సంగతి చాలు. అదే జర్మనీలో ఆర్మండ్ మార్సెయ్ కార్ఖానా లెక్కలేనన్ని పోసిన 390 సంఖ్య బొమ్మకు పేరు, సంఖ్య, దేశం అన్నీ చెక్కి ఉన్నా, ఈ రోజున మామూలుగా రెండు వందల డాలర్లు దాటడం కష్టం. పేరు ఒక్కటే ఉంటే చాలదు, అరుదుగా దొరికేది అయి ఉండాలి, ముఖం మీద దెబ్బ ఉండకూడదు.

ఈ దుకాణంలోనూ ఇబ్బందులు ఉన్నాయి. ఆరు వారాలు ఎదురుచూస్తే గాని సమయం దొరకలేదు. ఫోటోలు పంపితే చూడరు, బొమ్మను స్వయంగా పట్టుకెళ్లాలి. బీమా కంపెనీకి కావలసిన రీతిలో పత్రం కావాలంటే అది తన పని కాదనీ, వృత్తి సంఘంలో సభ్యత్వం ఉన్న మదింపుదారు దగ్గరికి వెళ్లాలనీ చెప్పేశారు. దూరాన ఉన్నవారు తమ ప్రాంతపు బొమ్మల క్లబ్బును వెతుక్కోవడం మేలు. 1949లో ఏర్పడిన యునైటెడ్ ఫెడరేషన్ ఆఫ్ డాల్ క్లబ్స్ కింద అలాంటివి అనేక ఊళ్లలో ఉన్నాయి.

ఇక్కడి థ్రిఫ్ట్ దుకాణాలలో మన వాళ్లకు ఎక్కువగా దొరికేవి మాత్రం ఇలాంటివి కావు. గుడ్డ ఒళ్లు, పింగాణీ తల, చేతులు, కాళ్లు, నైలాను లాంటి మెరిసే జుట్టు, లేసు గౌను ఉన్న బొమ్మ అయితే అది చాలా వరకు 1980లలో, 1990లలో తైవాన్‌లోనో చైనాలోనో తయారై, సేకరణ కోసమంటూ అమ్మినది. ధ్రువపత్రం, పెట్టె ఉన్నా ఈ రోజు పది, ఇరవై డాలర్లకు మించి పలకడం అరుదు. దానికి 35 డాలర్లు పోసి వెల కట్టించడం దండగ, ముద్దుగా ఉంటే కొని కొలువులో పెట్టుకోవడమే. ఊళ్లో పాత పెట్టెల్లో పడి ఉండే చిన్న జపాను పింగాణీ బొమ్మలకు మాత్రం అడుగు భాగం చూడండి. నిప్పన్ అని ఉంటే అది సాధారణంగా 1891, 1921 మధ్యది, ఆక్యుపైడ్ జపాన్ (ఆక్రమిత జపాన్) అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1952 లోపుది.

ఆన్‌లైన్ సేవకు అయిదింటిలో ఒకటి ఇస్తాను, అది కూడా చెప్పిన గడువుకు పంపినందుకు. మరమ్మతు దుకాణానికి నాలుగున్నర ఇస్తాను, తగ్గించిన అర ఆరు వారాల నిరీక్షణకు. వెళ్లేవారు బొమ్మను మెడ పట్టుకుని ఎత్తకుండా, ముఖం పైకి ఉండేలా తువ్వాలులో చుట్టి పెట్టెలో పడుకోబెట్టి తీసుకెళ్లండి, దానితో వచ్చిన బట్టలు, చెప్పులు, చీటీలు ఎంత చిరిగినా వెంట ఉంచండి, వెళ్లే ముందు ఏదీ ఉతకవద్దు, తుడవవద్దు. నేను తుడిచిన చోట బుగ్గ రంగు పోనందుకు ఆవిడ నాకన్నా ఎక్కువ ఊరట పడ్డారు. పగులును కదిలించవద్దన్నారు కనుక అలాగే ఉంచి, తోలు నుంచి రాలుతున్న రంపపు పొట్టు ఆగేలా రెండు కుట్లు మాత్రం 15 డాలర్లకు వేయించాను. ఈ సంక్రాంతికి బొమ్మ కొలువులో అయిదో మెట్టు మీద, పిల్లల చేతికి కొంచెం అందని ఎత్తులో, నడుము దగ్గర పట్టుకునే స్టాండులో నిలబడింది.